కరస్పాండెంట్ గారూ, మా పిల్లల ఉత్తరాలకి జవాబేదండీ?

ఆంధ్రా, తెలంగాణల్లో ప్రైవేట్ స్కూళ్ళ కరస్పాండెంట్ గార్లకి, ప్రిన్సిపాల్ గార్లకి, ఉన్న పీరియడ్లు చాలక "గ్లోబల్ క్లాస్‌రూమ్ ఇన్‌చార్జ్" అనే పని కూడా నెత్తిన పడ్డ తోటి టీచర్లకి,

నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తానండీ, మర్యాదగా మెయిల్స్ పెట్టే దశ దాటిపోయింది. పదహారు నెలల్లో రెండు స్కూళ్ళకి పద్నాలుగు మెయిల్స్ పెట్టాను, వాట్సాప్‌లో బ్లూ టిక్కులు లెక్కపెట్టడం మానేశాను, ఫోన్ చేస్తే "మేడం మీటింగ్‌లో ఉన్నారు" తప్ప ఇంకో మాట వినలేదు. అందుకే అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నా. స్కూళ్ళ పేర్లు రాయను, నాకు కావాల్సింది పరువు తీయడం కాదు, జవాబులు.

నేను కెనడా ఉత్తరాన నునావుట్‌లో ఆరో తరగతి టీచర్ని. అంతకుముందు గుంటూరు వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో ఐదేళ్ళు చెప్పినదాన్నే కాబట్టి మార్చిలో స్టాఫ్ రూమ్ ఎలా ఉంటుందో, అడ్మిషన్ల టార్గెట్ అంటే ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నునావుట్ అంటే 1999 ఏప్రిల్ 1న విడిగా ఏర్పడిన టెరిటరీ, సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఇండియాలో సగానికి పైనే, జనం మాత్రం 2021 సెన్సస్‌లో 36,858 మంది, మన దగ్గర చాలా మండలాల్లో అంతకన్నా ఎక్కువ ఉంటారు. 25 ఊళ్ళు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. విమానం రావాలి, లేదా ఎండాకాలంలో సముద్రం మంచు విడిచాక ఓడ రావాలి. మాది బాఫిన్ ద్వీపంలో బాగా పైకొసన ఉన్న ఊరు. పేరు చెప్తే ఆరో తరగతి పిల్లలు ఎవరెవరో ఇట్టే తెలిసిపోతుంది, అందుకే చెప్పట్లేదు. నవంబర్ మధ్యలో వెళ్ళిన సూర్యుడు జనవరి చివర్లో మళ్ళీ కనిపిస్తాడు, ఈ ఉత్తరం రాసే నాటికి ఆయన తిరిగొచ్చి పది రోజులైంది.

జరిగింది ఇది. 2024 సెప్టెంబర్‌లో ఒక ఆన్‌లైన్ మీటింగ్‌లో మీలో ఇద్దరు, మా పిల్లలు మీ పిల్లలకి ఉత్తరాలు రాస్తారంటే ఎగిరి గంతేశారు. "వావ్ మేడం, ఆర్కిటిక్! మన తెలుగావిడే అక్కడ!" అన్నారు. నాకూ సంబరంగానే అనిపించింది, కాదనను. అక్టోబర్‌లో నా క్లాసులో 19 మంది చేత్తో రాసిన ఉత్తరాలు పెద్ద సిటీలో ఉన్న ఒక ఇంటర్నేషనల్ స్కూలుకి పోస్ట్ చేశాం, మధ్యలో నవంబర్ 15 నుంచి డిసెంబర్ 17 దాకా కెనడా పోస్ట్ సమ్మె, సుమారు 55 వేల మంది పని ఆపేశారు, కాబట్టి లేటవుతుందర్రా అని పిల్లలకి నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. జనవరి చివర్లో ఆ స్కూల్ ఫేస్‌బుక్ పేజీ చూస్తే మా కవర్లు పట్టుకుని మీ పిల్లలు వరసగా నిలబడ్డ ఫోటో, వెనకాల ఫ్లెక్సీ, కింద "అడ్మిషన్స్ ఓపెన్". అంటే ఉత్తరాలు చేరాయి. ఆ తర్వాత ఈ రోజు వరకు ఒక్క జవాబు రాలేదు. ఒక్కటంటే ఒక్కటి.

రెండో స్కూల్ ఆంధ్రాలో ఒక టౌన్‌లోది. వాళ్ళు జవాబిచ్చారు, ఆ కథ కింద చెప్తా.

మన దగ్గర స్కూల్ ఓనర్ని కరస్పాండెంట్ అంటాం కదా, పేరులోనే ఉత్తర ప్రత్యుత్తరాలున్న మనిషి ఉత్తరానికి జవాబివ్వకపోతే ఎలాగండీ అని ఒక మెయిల్‌లో జోక్ కూడా వేశాను. నవ్వలేదనుకుంటా.

ఇది చిన్న విషయం, పెన్ పాల్ లెటర్లకి ఇంత గొడవా అని మీకనిపిస్తుంది. అందుకే ఇక్కడ ఏం జరిగిందో ఒక్కొక్కటీ చెప్తాను.

1. ఇక్కడ ఇంటింటికీ తిరిగే పోస్ట్‌మాన్ లేడు. ఎవరికి వాళ్ళే పోస్టాఫీస్‌కి వెళ్ళి బాక్సులో చూసుకోవాలి. నా క్లాసులో ఒక పిల్లవాడు 2025 జనవరి నుంచి మే దాకా స్కూల్ వదలగానే, మైనస్ ముప్ఫై అయినా మైనస్ నలభై అయినా అటునుంచి అటే వెళ్ళేవాడు. నోటితో అడగడు. ఇక్కడ పిల్లలు అవును అనడానికి కనుబొమలు పైకెత్తుతారు, కాదు అనడానికి ముక్కు ముడుస్తారు, నోరు మెదపరు. కౌంటర్ దగ్గర నిలబడి కనుబొమలు ఎత్తేవాడు, లోపలున్నావిడ ముక్కు ముడిచేది, వీడు వెనక్కి తిరిగేవాడు. ఇది నాకు ఆవిడే చెప్పింది. మేలో మానేశాడు. సెప్టెంబర్‌లో ఏడో తరగతికి వెళ్ళాక కొత్త ఏడాదికి మళ్ళీ ఉత్తరాలు మొదలెడుతున్నాం, నువ్వూ రాస్తావా అని అడిగితే ఈసారి వాడే నాకు ముక్కు ముడిచి చూపించాడు.

2. ఈ ఊళ్ళలో టీచర్లు ఎక్కువమంది దక్షిణాది నుంచి, అంటే దక్షిణ కెనడా నుంచి వస్తారు, ఏడాదో రెండేళ్ళో ఉండి వెళ్ళిపోతారు, చలి, ఒంటరితనం, ఇళ్ళ కొరత, కారణాలు బోలెడు. పిల్లలు కొత్త టీచర్ని మొదటిరోజు అడిగే ప్రశ్న "నువ్వెప్పుడు వెళ్ళిపోతావు?" అని. నన్నూ అడిగారు. బయటివాళ్ళు వస్తారు, ఫోటోలు తీసుకుంటారు, మాటిస్తారు, వెళ్ళిపోతారు అని పదకొండేళ్ళకే తెలిసిన పిల్లలు వీళ్ళు. ఆ లిస్టులో మనవాళ్ళని కూడా చేర్చింది నేనే కదా అని నాకు సిగ్గుగా ఉంది.

3. ఒక అమ్మాయి తన ఉత్తరాన్ని వాళ్ళ అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఇనుక్టిటూట్‌లో, అంటే ఇక్కడి ఆదివాసులైన ఇన్యూట్ ప్రజల భాషలో, రాసింది, కింద ఇంగ్లిష్ కూడా రాసింది. ఆ లిపి గురించి ఒక్క మాట చెప్పాలి, టీచర్లు కాబట్టి మీకు నచ్చుతుంది. మన గుణింతం లాంటిదే అది. మనం అక్షరానికి గుడి కడతాం, కొమ్ము పెడతాం, వీళ్ళు అక్షరాన్నే తిప్పేస్తారు. ఒకే గుర్తు ఒకవైపు తిరిగితే క, ఇంకోవైపు తిరిగితే కి, మరోవైపు తిరిగితే కు. దీర్ఘం కావాలంటే పైన చుక్క. 1840 ప్రాంతంలో జేమ్స్ ఇవాన్స్ అనే మిషనరీ క్రీ అనే ఇంకో ఆదివాసీ భాష కోసం తయారుచేసినది తర్వాత ఇన్యూట్ భాషకి మార్చుకున్నారు, దాని వెనక దేవనాగరి ప్రభావం కూడా ఉందంటారు. నేను బోర్డు మీద మన క గుణింతం రాసి చూపించిన రోజు మా క్లాసంతా గోల, "మిస్, మీ అక్షరాలు ఎందుకు తిరగవు?" అని.

అలాంటి ఉత్తరాన్ని ఆ మొదటి స్కూల్లో ఏం చేశారో తెలుసా? ఇంగ్లిష్ భాగం మడిచేసి, పైభాగం మాత్రం స్కాన్ చేసి పోస్టర్‌కి బ్యాక్‌గ్రౌండ్‌గా వాడారు, "సీక్రెట్ కోడ్ ఫ్రమ్ ఆర్కిటిక్" అని పెట్టి, అది కూడా తలకిందులుగా. ఈ లిపిలో అక్షరం తిరిగితే అచ్చు మారిపోతుందని ఇప్పుడే చెప్పాను కదా, ఇంక ఆ పోస్టర్ ఎలా చదువుతుందో మీరే ఊహించండి. అమ్మమ్మగారు చూసి నవ్వేశారు, అది వేరే సంగతి. కానీ ఈ భాషకి నవ్వుకునేంత తీరిక లేదు. 2008లో ఇన్యూట్ భాషా రక్షణ చట్టం వచ్చింది, అన్ని క్లాసులూ సొంత భాషలో చెప్పాలన్నారు, చెప్పే టీచర్లు చాలక 2020లో చట్టం సవరించి గడువు 2039 దాకా జరిపారు. అంటే ఆ అమ్మాయి సొంత భాషలో రాసిన ఒక పేజీ అంటే ఇంట్లో పండగ. దానికి మీ పిల్లల్లో ఒక్కళ్ళు తెలుగులో నాలుగు లైన్లు రాసి పంపినా సరిపోయేది.

4. ఇప్పుడు రెండో స్కూల్ కథ. 2025 ఏప్రిల్‌లో 30 ఉత్తరాలు వచ్చాయి. ముత్యాల్లాంటి దస్తూరి, మన పిల్లల చేతిరాతకి వంక పెట్టలేం. కానీ 30 ఉత్తరాలూ ఒకటే ఉత్తరం. "ఐ యామ్ ఫైన్ హియర్, హోప్ యు ఆర్ ఆల్సో ఫైన్ దేర్" దగ్గర మొదలై "మై ఎయిమ్ ఈజ్ టు బికమ్ ఎ డాక్టర్" దగ్గర అయిపోయాయి, ముప్ఫై మందీ డాక్టర్లే, స్పెల్లింగ్ తప్పు కూడా ముప్ఫై చోట్లా ఒకటే. బోర్డు మీద రాసి కాపీ చేయించారని నాకు ఒక్క చూపులో తెలిసింది, నేనూ చేయించినదాన్నే ఒకప్పుడు. మా పిల్లలు నాలుగు చదివి ఆగి, "మిస్, వీళ్ళందరూ ఒక్క మనిషేనా?" అన్నారు.

ఇది ఇక్కడ మామూలు తప్పు కాదు, ఎందుకో చెప్తా. కెనడాలో రెసిడెన్షియల్ స్కూళ్ళని ఉండేవి, లక్షా యాభై వేల మందికి పైగా ఆదివాసీ పిల్లల్ని, ఇన్యూట్ పిల్లలతో సహా, ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి పెట్టారు, సొంత భాష మాట్లాడితే శిక్షలు, చాలాచోట్ల పిల్లలు ఇంటికి రాసే ఉత్తరాలు స్టాఫ్ చదివి ఓకే అంటేనే కవర్లోకి వెళ్ళేవి. 2008 జూన్ 11న ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ స్కూళ్ళలో చదివినవాళ్ళు ఇప్పుడు మా పిల్లల తాతలు, అమ్మమ్మలు. పెద్దవాళ్ళు చెప్పి రాయించిన ఉత్తరం ఎలా ఉంటుందో వాళ్ళకి చూడగానే తెలుస్తుంది. ఒక తాతగారు మీ ఉత్తరం తిరగేసి చూసి, "పాపం, ఆ పిల్లల్ని అక్కడ బాగానే చూస్తున్నారా?" అని నన్నడిగారు. ఏం చెప్పమంటారు?

5. ఆ స్కూలే ముందు ఒక ఎక్సెల్ షీట్ పంపింది, పేర్లు వద్దు మేడం, నోరు తిరగట్లేదు, ఆర్కిటిక్ 1, ఆర్కిటిక్ 2 అని నంబర్లిస్తే మ్యాచ్ చేసుకుంటాం అని. మీకు తెలియక అడిగారు, సరే. కానీ తెలుసుకోండి. 1941 నుంచి కెనడా ప్రభుత్వం ఇన్యూట్ మనుషులకి నంబర్లిచ్చింది, ఆఫీసర్లకి పేర్లు పలకడం రాక. మెడలో వేసుకునే చిన్న బిళ్ళ, దాని మీద తూర్పు వాళ్ళకి ఇంగ్లిష్ అక్షరం ఈ (E), పడమటి వాళ్ళకి డబ్ల్యూ (W), పక్కన అంకెలు. 1968 నుంచి 1971 దాకా అబ్రహాం ఓక్పిక్ అనే ఇన్యూట్ పెద్దమనిషి ఊరూరా తిరిగి అందరికీ ఇంటిపేర్లు రాయించాకే అది పోయింది. ఆ బిళ్ళలు ఇంకా కొన్ని ఇళ్ళలో పెట్టెల్లో ఉన్నాయి. ఇంకో మాట, ఇక్కడ చనిపోయిన పెద్దవాళ్ళ పేరు పుట్టిన బిడ్డకి పెడతారు, పెట్టాక ఆ బిడ్డని ఆ వరసతోనే పిలుస్తారు, రెండేళ్ళ పిల్లని "అమ్మా" అని పిలిచే తల్లులున్నారు. మనింట్లో తాత పేరు పెట్టుకుని మనవడిని "నాన్నా" అని పిలుచుకోమూ? అచ్చం అంతే. కాబట్టి పేరు నోరు తిరగకపోతే తిరిగేదాకా పలకండి, మన ఇంటిపేర్లు ఇక్కడివాళ్ళు పలకడానికి నానా తంటాలు పడుతూనే ఉన్నారు, నా పేరు ఇప్పటికి సగం ఊరికి వచ్చింది.

6. ఆ ముప్ఫై ఉత్తరాల్లో ఒకదాని వెనక ఒక పాప పెన్సిల్‌తో సొంతంగా ఒక లైన్ రాసింది, అదొక్కటే నిజమైన లైన్: "ప్లీజ్ డోంట్ కిల్ సీల్స్, ఇట్ ఈజ్ సిన్." పాపని తప్పుపట్టను, టీవీలో చూసింది రాసింది. కానీ చెప్పాల్సిన టీచర్లు చెప్పాలి. ఇక్కడ చెట్టు మొలవదు, పొలం లేదు, కూరగాయ ప్రతీదీ విమానంలో రావాలి, షాపులో క్యాబేజీ ధర చూసి మొదటి నెలలో నేను క్యాబేజీ పక్కన నిలబడి ఫోటో తీసుకుని ఇంటికి పంపాను. సీల్, చార్ చేప, కారిబూ అనే మంచు ప్రాంతపు జింక, ఇవే ఇంట్లో తిండి, తోలు బూట్లవుతుంది, ఎవరైనా వేటాడి తెస్తే ఊళ్ళో పంచుకుంటారు. 2009లో యూరోపియన్ యూనియన్ సీల్ వస్తువుల మీద నిషేధం పెట్టింది, ఇన్యూట్ వేటకి మినహాయింపు కాగితం మీద ఉన్నా తోళ్ళ మార్కెట్ పడిపోయి చాలా కుటుంబాలకి ఆ ఆదాయం పోయింది. ఆ లైన్ చదివిన పిల్ల వాళ్ళ నాన్న వేటగాడు. తను ఆ ఉత్తరం ఇంటికి తీసుకెళ్ళలేదు, డెస్కులో వదిలేసింది.

సరే, ఒక మంచి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ ఇంగ్లిష్ మేడం, ఎవరి ద్వారానో నా నంబర్ కనుక్కుని, ఏ మీటింగూ ఏ ఫ్లెక్సీ లేకుండా 22 ఉత్తరాలు పంపారు, స్టాంపుల ఖర్చు సొంత జీతంలోంచి. 2025 సెప్టెంబర్ 25న ఇక్కడ మళ్ళీ పోస్టల్ సమ్మె, తర్వాత మంచు తుఫానుకి విమానాలు రాలేదు, మొత్తానికి నవంబర్‌లో, సూర్యుడు వెళ్ళిపోయిన వారమే వచ్చాయి. తప్పులున్నాయి, కొట్టివేతలున్నాయి, ఒక ఉత్తరం మీద పులుసు మరక ఉంది. "మీకు రెండు నెలలు పొద్దు రాకపోతే కోడి ఎప్పుడు కూస్తుంది?" అని ఒక అబ్బాయి అడిగాడు. మా క్లాసులో దాని మీద ఒక పీరియడ్ మొత్తం నడిచింది, ఎందుకంటే ఊళ్ళో కోళ్ళే లేవు, మా పిల్లల్లో చాలామంది బతికున్న కోడిని చూడలేదు. "మా ఊళ్ళో మే నెలలో తారు రోడ్డు చెప్పుకి అంటుకుంటుంది" అని ఇంకొకమ్మాయి రాస్తే నమ్మలేదు, అసలు తారు రోడ్డు అంటే ఏంటో చూపించాల్సి వచ్చింది. ఉత్తరం అంటే ఇదీ కదండీ. ఫీజు లక్షల్లో లేని స్కూల్ నుంచి వచ్చింది ఇది.

ఇప్పుడు నేను అడిగేవి.

1. 2024 అక్టోబర్‌లో మీకు పంపిన 19 ఉత్తరాలకి జవాబులు రాయించండి. ఆ పిల్లలు మీ దగ్గర పై క్లాసుకి వెళ్ళిపోయి ఉంటారు, పర్వాలేదు, మా వాళ్ళూ వెళ్ళారు. రాయించలేం అంటే ఆ ఉత్తరాలు వెనక్కి పంపండి, పోస్టేజ్ నేను కడతా. ముఖ్యంగా అమ్మమ్మగారితో కలిసి రాసిన ఆ ఒక్కటి, దానికి కాపీ లేదు.

2. ఆ పోస్టర్, మా పిల్లల పేర్లు కనిపించేలా ఉన్న కవర్ల ఫోటోలు మీ పేజీల్లోంచి తీసేయండి. ఇకమీదట తల్లిదండ్రుల పర్మిషన్ రాతపూర్వకంగా లేకుండా ఒక్క ఫోటో పెట్టొద్దు. మీ పిల్లలవి కూడా.

3. పిల్లల్ని సొంతంగా రాయనివ్వండి. గ్రామర్ దిద్దొద్దు, లేదా దిద్దినా రెండోసారి ఫెయిర్ చేయించొద్దు. ఇంగ్లిష్ రాకపోతే తెలుగులోనే రాయనివ్వండి, ఇక్కడ నేనున్నాను, నేను చదివి చెప్తా. ఏం తిన్నారు, ఎవరితో కొట్టుకున్నారు, ఇంట్లో కుక్క పేరేంటి, ఇవి చాలు. డాక్టర్ అవుతారో లేదో తర్వాత చూసుకుందాం.

4. ఉత్తరాలకి ముందు ఒక్క పీరియడ్ ఈ ప్రాంతం గురించి చెప్పండి. ఎస్కిమో అనే మాట ఇక్కడ వాడరు, ఇన్యూట్ అనాలి, ఒక్కరైతే ఇనుక్. పెంగ్విన్లు భూమికి ఆ కొసన ఉంటాయి, ఇక్కడ ఒక్కటి కూడా లేదు. ఇగ్లూ అంటే వాళ్ళ భాషలో ఇల్లు అని అర్థం, ఏ ఇల్లయినా ఇగ్లూనే, మాది చెక్క ఇల్లు, లోపల హీటర్, వైఫై.

5. వైఫై అన్నాను కదా అని జూమ్ కాల్ పెట్టేద్దాం అనొద్దు. ఉత్తరం వద్దు మేడం, లైవ్ పెడదాం, పేరెంట్స్ ముందు స్క్రీన్ మీద బాగుంటుంది అని మూడుసార్లు అడిగారు. నునావుట్‌కి ఇంటర్నెట్ అంతా ఉపగ్రహాల మీదే, 2011 అక్టోబర్ 6న ఒక్క ఉపగ్రహం దారి తప్పితే ఫోన్లు, ఏటీఎంలు పోయి విమానాలు కూడా ఆగిపోయాయి. స్టార్‌లింక్ వచ్చాక నయమే, కానీ మా ఉదయం 9 అంటే శీతాకాలంలో మీకు రాత్రి 7:30, మీ పిల్లలు ఆ టైముకి ట్యూషన్లో ఉంటారు. పైగా మా పిల్లలు కెమెరా ముందు మాట్లాడరు, కనుబొమలెత్తుతారు, మీరేమో ఆడియో రావట్లేదు అనుకుంటారు. కొత్త టెక్నాలజీకి వీళ్ళేం వెనకబడి లేరు, 1990ల మధ్యలోనే నునావుట్‌లోని రాంకిన్ ఇన్లెట్ అనే ఊళ్ళో లియో ఉస్సాక్ ఎలిమెంటరీ స్కూల్ పిల్లలు ఇంటర్నెట్‌లో బయటి క్లాసులతో మాట్లాడారు, మనలో చాలామందికి ఈమెయిల్ అంటే తెలియని రోజుల్లో. చేత్తో రాసిన కాగితం కావాలని అడుగుతున్నది వాళ్ళే.

6. డీఈఓ గార్లకి, ఎంఈఓ గార్లకి: ఆ ప్రకాశం మేడం లాంటి టీచర్లు ఇంకా ఉంటారు. ఇలాంటి ఉత్తరాలకి స్కూల్ గ్రాంట్‌లోంచి స్టాంపుల ఖర్చు పెట్టుకోవచ్చని ఒక్క కాగితం ఇవ్వండి. పెద్ద బడ్జెట్ ఏం కాదు, ఒక్క ఫ్లెక్సీ ఖర్చుతో చాలా ఉత్తరాలు వెళ్తాయి.

7. చేయలేకపోతే ముందే కుదరదు అని చెప్పండి. నేను ఏమీ అనుకోను. ఒప్పుకుని మాయమవ్వడం మాత్రం వద్దు.

పంపేవాళ్ళకి ఒక జాగ్రత్త. అడ్రస్‌లో మా పోస్టల్ కోడ్ ఎక్స్ సున్నా ఏ (X0A) అని మొదలవుతుంది, మధ్యలోది సున్నా, ఓ కాదు, దానివల్ల ఒక కవర్ ఎక్కడెక్కడో తిరిగొచ్చింది. ఊరి పేరు, నునావుట్, కెనడా అని రాయండి. "నార్త్ పోల్" అని రాయొద్దు దయచేసి, ఒకరు రాశారు, కెనడాలో ఆ పేరుతో రాసేవి శాంటా క్లాజ్ ఉత్తరాలు, ఆయనకి విడిగా పోస్టల్ కోడ్ కూడా ఉంది.

వసంతం రాగానే కుటుంబాలు మంచు మీద క్యాంపులకి వెళ్తాయి, మే తర్వాత క్లాసులో సగం మంది ఉండరు. మీ నుంచి మాకు నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతోంది, కాబట్టి మార్చి 10 లోపు పోస్ట్ చేస్తేనే అందుతాయి. పోస్ట్ చేసిన రోజు ఆ రసీదు ఫోటో నాకు వాట్సాప్ చేయండి, చాలు, ఆ ఏడో తరగతి పిల్లవాడికి నేనే వెళ్ళి చూపిస్తా.

ఇట్లు,
బాఫిన్ ద్వీపం నుంచి ఒక తెలుగు టీచర్